28 పౌనుల జీవితము

జాన్ వెస్లీ పేరు ఎరుగని క్రైస్తవ కుటుంబము మన సంఘములలో అరుదు. 1738 మే 24వ తేదీ సాయంకాలము లండను నగరములోని ఆల్డర్స్‌గేటు వీధిలో ఆయనకు కలిగిన రక్షణానుభవమును గూర్చి ప్రసంగములలో ఎన్నో మారులు వినియున్నాము. గుఱ్ఱముపై ఆయన చేసిన ప్రయాణములు, బహిరంగ స్థలములలో చేసిన ప్రసంగములు, తమ్ముడైన చార్లెస్ వ్రాసిన కీర్తనలు మనకు తెలిసినవే. అయితే ఆయన చేతిలో బైబిలుతో పాటు మరియొక పుస్తకము ఎల్లప్పుడు ఉండెడిది. దానిని గూర్చి ప్రసంగ వేదికల మీద అంతగా చెప్పరు. అది ఆయన జమాఖర్చుల పుస్తకము. యౌవనము మొదలుకొని మరణమునకు కొన్ని నెలల ముందు వరకు, చేతికి వచ్చిన సొమ్మును, చేతినుండి పోయిన సొమ్మును ఆయన వ్రాసియుంచెను. ప్రియ చదువరీ, పొదుపును గూర్చియు, ధనము కూడబెట్టుటను గూర్చియు నేడు పుస్తకములు కొల్లలుగా వచ్చుచున్నవి. ఆ విషయమై వెస్లీ ఏమి నేర్చెనో, ఇతరులకు ఏమి నేర్పెనో, తాను నేర్పినదే కడకు ఆయనను ఎట్లు కలత పెట్టెనో ఈ పుటలలో చూతము.

ఆ కాలపు ఇంగ్లీషు నాణెములను గూర్చి ముందుగా ఒక మాట. పౌనుకు 20 షిల్లింగులు. షిల్లింగుకు 12 పెన్నీలు. పల్లెలలోని కూలివానికి వారమంతయు కష్టపడినను 10 షిల్లింగులు దొరకుట అరుదు. ఈ లెక్క మనస్సులో నుంచుకొన్నచో తరువాతి సంగతులు సులభముగా బోధపడును.

జాను తండ్రియైన సామ్యూల్ వెస్లీ లింకన్‌షైరులోని ఎప్‌వర్త్ అను ఊరిలో ఇంగ్లాండు సంఘపు గురువుగా నుండెను. ఆయనకును భార్యయైన సుసన్నాకును 19 మంది బిడ్డలు పుట్టిరి. వారిలో చాలమంది పసితనముననే చనిపోయిరి. 1703 జూనులో పుట్టిన జాను 15వ బిడ్డ. గురువుగారి యేటి రాబడి ఇంచుమించు 200 పౌనులు. ఆ దినములలో అది చిన్న మొత్తము కాదు. అయినను ఆ ఇంట అప్పు లేని దినము లేదు. సామ్యూల్ పండితుడు, కవి, నిష్ఠగల బోధకుడు; లెక్క మాత్రము ఆయనకు అబ్బలేదు. ఉద్యోగములో చేరునప్పుడే అప్పుతో చేరెను. సంఘపు మాన్యమును తానే సేద్యము చేయింపబోయి నష్టపడెను. ఒకమారు ఇల్లు కొంత భాగము కాలిపోయెను. మరియొకమారు పంట కాలిపోయెను.

1705వ సంవత్సరపు ఎన్నికలలో ఆయన ఒక పక్షమువైపు నిలువగా ఎదుటి పక్షమువారికి ఆయనమీద పగ పుట్టెను. వారికి చెందిన ఒకనికి ఆయన బాకీపడిన సొమ్ము 30 పౌనులకు లోపే. ఆ బాకీ అప్పటికప్పుడు చెల్లింపలేదని గురువుగారిని లింకన్ కోటలోని చెరసాలలో వేయించిరి. జాను అప్పటికి రెండేండ్ల బిడ్డ. ఇంటిలో పైకము లేక సుసన్నా తన ఉంగరములను భర్తకు పంపెను; ఆయన వాటిని తిరిగి ఆమెకే పంపివేసెను. రాత్రివేళ ఎవరో ఆవులను పొడిచి గాయపరచగా బిడ్డల పాలకు కూడ ముప్పు వచ్చెను. ఎప్పుడైనను రొట్టె లేక పస్తుంటిరా యని యార్కు ఆర్చిబిషప్పు అడిగినప్పుడు, పస్తు మాత్రము లేదు గాని, ఆ రొట్టె సంపాదించుటకును, తిన్న తరువాత దాని వెల చెల్లించుటకును పడిన పాట్లవలన అది రుచింపలేదని ఆమె సమాధానమిచ్చెను. అరువు తెచ్చి పిల్లలను పెంచిన తల్లులకు ఆ సమాధానమును ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. స్నేహితుల సహాయముతో సామ్యూల్ కొన్ని నెలలకు విడుదల పొందెను. అప్పు మాత్రము ఆయనను విడువలేదు. 1735లో ఆయన చనిపోవునాటికి కూడ కొంత మిగిలియుండెను.

అట్టి ఇంట పెరిగిన జాను 1720లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేరెను. ఏటికి 40 పౌనుల విద్యార్థివేతనము వచ్చుచుండినను అది చాలలేదు. తండ్రివలెనే కుమారుడును బాకీలలో పడెను. తల్లి ఆయనకు వ్రాసిన ఉత్తరములలో ఆ బాకీలను గూర్చిన చింత కనబడును. 1726 మార్చిలో లింకన్ కళాశాలలో ఫెలోగా ఎన్నికైన తరువాత గాని ఆయనకు స్థిరమైన రాబడి కలుగలేదు. జమాఖర్చులు వ్రాయు అలవాటు ఆ దినములలోనే బలపడెను. తండ్రి కష్టములకు కారణము రాబడి తక్కువగుట కాదనియు, పోవుచున్నది ఎక్కడికి పోవుచున్నదో ఎరుగకుండుటయే యనియు ఆయన గ్రహించినట్లు తోచుచున్నది.

ఆక్స్‌ఫర్డులో జరిగిన ఒక చిన్న సంగతిని వెస్లీ వృద్ధాప్యములో ఒక ప్రసంగమున తెలిపెను. ఆయనయు స్నేహితులును కొందరు బీద పిల్లలను తమ ఖర్చుతో బడిలో చదివించుచుండిరి. మిక్కిలి చలిగానున్న ఒక దినమున ఆ పిల్లలలో ఒక బాలిక ఆయన గదికి వచ్చెను. ఆమె ఒంటిమీద పలుచని నారబట్ట తప్ప మరేమియు లేదు. కప్పుకొనుటకు వేరే బట్ట లేదా యని అడుగగా, ఉన్నది ఇదే యని ఆమె చెప్పెను. ఆయన జేబులో చేయి పెట్టెను. అందులో మిగిలినది అత్యల్పము. అంతలో ఆయన చూపు గోడలమీదికి పోయెను. గదిని అలంకరించుటకై వెచ్చించిన సొమ్ముతో ఆ బిడ్డను చలినుండి కాపాడగలిగి యుండును గదా యను తలంపు ఆయనను పొడిచెను. గోడమీది పటములు తనమీద నేరము మోపుచున్నట్లు ఆయనకు తోచెను. ఆ పటములు కొనుట పాపమని ఎవరును అనరు. కాని జేబు ఖాళీ యగుటకును, ఆ బాలిక వణకుటకును ఆయన సంబంధము చూచెను. ఒకసారి చూచిన తరువాత దానిని మరచిపోవుట ఆయనకు సాధ్యము కాలేదు.

ఇంకొక ప్రసంగములో ఆయన పేరు చెప్పకుండ ఒక యౌవనుని లెక్క వివరించెను. ఆ యౌవనుడు వెస్లీయే యని చరిత్రకారులు సామాన్యముగా అంగీకరింతురు. మొదటి యేట అతని రాబడి 30 పౌనులు. 28 పౌనులతో జీవించి 2 పౌనులు బీదలకు ఇచ్చెను. రెండవ యేట రాబడి 60 పౌనులాయెను. అతడు 28 పౌనులతోనే జీవించి 32 ఇచ్చెను. మూడవ యేట 90 రాగా 62 ఇచ్చెను. నాలుగవ యేట 120 రాగా 92 ఇచ్చెను. జీతము పెరిగిన నెలలోనే ఖర్చును దానితో సమానముగా పెంచుకొనుట మనకు అలవాటు. ఏదో ఒక సాకు సిద్ధముగా నుండనే యుండును. ఈ యౌవనుడు ఖర్చునకు ఒక గట్టు కట్టి, దానిని నాలుగేండ్లు కదలనీయలేదు. ఇక్కడ ఒక సంగతి న్యాయముగా చెప్పవలెను. కళాశాలలో ఫెలోకు గది ఉండెను. తరువాతి కాలపు ప్రయాణములలో విశ్వాసుల ఇండ్లే ఆయనకు బస. సొంత బిడ్డలు ఆయనకు కలుగలేదు. బ్రహ్మచారి లెక్క సంసారి ఇంటికి అట్లే అతకదు. 28 అను సంఖ్య మన కొరకు కాదు. గట్టు అను తలంపు మాత్రము అందరికిని పనికివచ్చును.

ఆక్స్‌ఫర్డు స్నేహితుల గుంపు 1730 నుండి అక్కడి చెరసాలకు కూడ పోవుచుండెను. కొద్దిపాటి అప్పులకై చెరలో మ్రగ్గుచున్న వారి బాకీలను వారు తీర్చి కొందరిని విడిపించిరి. రెండేండ్ల వయస్సున తన తండ్రిని చెరకు పోగొట్టుకొన్న కుమారునికి ఈ పనిలో ఎట్టి భావముండెనో ఊహింపవచ్చును. 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా పోయి, నిరాశతో తిరిగివచ్చిన కథ వేరు. ఇక్కడ దానితో పనిలేదు.

1739లో బ్రిస్టల్ నగరమున వెస్లీ బహిరంగ ప్రసంగములు ప్రారంభించెను. బొగ్గు గనుల కూలీలు వేలకొలదిగా వచ్చి వినిరి. కూడుకొనుటకు అక్కడ న్యూ రూమ్ అను మందిరము కట్టించెను. దానివలన అప్పు మిగిలెను. అప్పు అను మాట ఆయనను చిన్ననాటినుండి వెంటాడినదే గనుక దానిని తీర్చు మార్గమును వెదకుటకు 1742 ఫిబ్రవరి 15న పెద్దలను సమకూర్చెను. అప్పు తీరువరకు సభ్యులందరు వారమునకు ఒక్కొక్క పెన్నీ ఇయ్యవలెనని కెప్టెను ఫోయ్ అనునతడు సూచించెను. చాలమంది బీదలు, వారికి అదియు కష్టమే యని మరియొకడు అడ్డు చెప్పెను. అందుకు ఫోయ్, మీలో అందరికంటె బీదలైన పదునొకండు మందిని నాకు అప్పగింపుడు, వారమువారము వారి ఇండ్లకు నేనే పోయెదను, ఇయ్యగలిగిన యెడల తీసికొందును, లేని యెడల వారి పెన్నీ కూడ నేనే వేసెదను అని బదులు చెప్పెను. మిగిలినవారును అట్లే తలకు పదునొకండు మంది చొప్పున తీసికొనిరి.

ఈ ఏర్పాటు డబ్బు కొరకే పుట్టినది. కాని పెన్నీ కొరకు ఇంటింటికి పోయినవారు అక్కడ ఇతర సంగతులను చూచిరి. ఒకని ఇంట త్రాగుడు, మరియొకని ఇంట కలహము, వేరొకని ఇంట జబ్బు. వారు ఆ సంగతులను వెస్లీకి తెలుపగా, తాను వెదకుచున్నది ఇదియే యని ఆయన గుర్తించెను. ఆ పన్నిద్దరి గుంపులే క్లాసు కూటములై మెథడిస్టు ఉద్యమమునకు వెన్నెముక యాయెను. వారము వారము తప్పక చెల్లించు చిన్న కాసు గొప్ప బాకీని తీర్చుననుట పొదుపును గూర్చి తెలిసినవారందరు చెప్పుదురు. బ్రిస్టలులో ఆ కాసును తీసికొనుటకు ఒక మనిషి స్వయముగా గుమ్మము తట్టెను. నేడు పల్లెలలో మన స్త్రీల పొదుపు సంఘములు ఎరిగిన బలము ఇదియే: తోటివారు వారమువారము కలిసికొని మంచి చెడులు విచారించుట.

లండనులో పూర్వము ఫిరంగులు పోతపోసిన పాడుబడిన కర్మాగారము నొకదానిని 1739లో కొని బాగుచేయించి, వెస్లీ దానిని ప్రార్థనామందిరముగా మార్చెను. దానికి ఫౌండరీ యను పాత పేరే నిలిచిపోయెను. 1740 చలికాలమున పని లేక అలమటించుచున్న వారిలో అత్యంత బీదలైన 12 మందిని, వారికి నేర్పుటకు ఒకరిని చేర్చి, ఆ మందిరపు గదిలోనే పత్తి ఏకుట, నూలు వడకుట పనిలో నుంచెను. నాలుగు నెలలు, వసంతము వచ్చువరకు ఆ పని సాగెను. వారి పోషణకు వారి పనివలన వచ్చిన సొమ్మే చాలవరకు సరిపోయెను. పైనుండి వేయవలసినది స్వల్పము. వెస్లీ అడుగుజాడలలో నడచిన మిషనరీలు మన మెదకులో కరవు దినములలో ఇట్టి పనియే చేసిరని తెలుగు చదువరులకు గుర్తుచేయవచ్చును. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమును చార్లెస్ పోస్నెట్ దొరగారు కట్టించునప్పుడు ఆకలిగొన్న కూలీలకు పనియు, పనికి అన్నమును దొరకెను.

1746లో ప్రారంభించిన ఋణనిధి ఇంతకంటె చెప్పుకోదగినది. ఆ కాలపు బీదవానికి అత్యవసరముగా పది షిల్లింగులు కావలసినచో తాకట్టు వ్యాపారియే దిక్కు. పనిముట్టును కుదువబెట్టినవాడు పని చేయలేడు. పని చేయనివాడు కుదువ విడిపించుకొనలేడు. ఈ ఉచ్చును తెంచుటకు వెస్లీ లండనులో తన స్నేహితుల వద్ద చందాలెత్తి 30 పౌనుల 16 షిల్లింగులు సమకూర్చెను. ఒక్కొక్కరికి ఒకమారు 20 షిల్లింగులకు మించి ఇయ్యరాదు. పుచ్చుకొన్నవారు వారము వారము కొంచెముగా చెల్లించి మూడు నెలలలో తీర్చవలెను. వడ్డీ లేదు. 18 నెలలలో 255 మంది ఆ నిధివలన సహాయము పొందిరని ఆయన తన దినచర్యలో వ్రాసికొనెను. లెక్క చూడుడు: 31 పౌనులైనను లేని మూలధనము 255 కుటుంబముల తలుపులు తట్టినది. దానముగా పంచిపెట్టినచో అది ఒక్క వారములో అయిపోయెడిది. తిరిగివచ్చు సొమ్ము గనుక మరల మరల పనికివచ్చెను. తీసికొన్నవారికి బిచ్చము పుచ్చుకొన్నామను చిన్నతనమును లేదు. కాలక్రమమున నిధి పెరిగి, ఒక్కొక్కరికి 5 పౌనుల వరకు ఇచ్చు స్థితికి వచ్చెను.

అట్లు 5 పౌనులు పుచ్చుకొన్నవారిలో జేమ్స్ లాకింగ్టన్ అను చెప్పులు కుట్టు యువకుడు ఒకడు. 1774లో లండనులో చిన్న అంగడి తెరచి, తోళ్లతో పాటు పాత పుస్తకములు పెట్టుకొని కూర్చున్నవానికి ఆ 5 పౌనులు ఊతమాయెను. అతడు చురుకైనవాడు, మితవ్యయపరుడు. కొన్నాళ్లకు తోళ్లు మాని పుస్తకములే అమ్మసాగెను. తరువాత ఎవరికిని అరువీయనని నిశ్చయించి, రొక్కమునకు మాత్రము, అతి తక్కువ లాభముతో అమ్మెను. మిగిలిపోయిన ప్రతులను ధర నిలుపుటకై నాశనము చేయుట ఇతర వ్యాపారుల ఆచారము. అతడు వాటిని చవుకగా కొని చవుకగానే జనులకు అందించెను. 1791 నాటికి ఏడాదికి 4000 పౌనుల లాభము వచ్చుచున్నదని తానే ప్రకటించుకొనెను. ఈ మనుష్యుని కథకు ఇంకొక భాగము కలదు. దానిని తరువాత చెప్పెదను.

టీ సంగతి క్లుప్తముగా చెప్పి ముందుకు పోవుదము. ఆ కాలమున ఇంగ్లాండులో టీ ఖరీదైన వస్తువు. తిండికి చాలని బీదలు కూడ దానికి అలవాటుపడుట చూచి, 1746లో వెస్లీ తాను ముందుగా దానిని మానెను. మూడు దినములు తలనొప్పితో బాధపడెను. తరువాత 12 ఏండ్లు టీ ముట్టలేదు. పిమ్మట వైద్యుని సలహామీద మరల త్రాగసాగెను. ఈ విషయములో ఆయనను అనుసరింపుడని మన చదువరులకు చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. కాని ఇతరులను ఖర్చు తగ్గింపుమనువాడు ఆ తలనొప్పిని ముందుగా తానే భరించుట గమనింపదగినది.

1760లో ఆయన ప్రకటించిన ప్రసంగములలో ధనముయొక్క ఉపయోగమును గూర్చినది ఒకటి. లూకా సువార్త 16వ అధ్యాయములోని అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానమే దానికి మూలము. ధనమును తిట్టుట బోధకులకు పరిపాటి. వెస్లీ ఆ దారిన పోలేదు. ఆకలిగొన్నవానికి అన్నము, వస్త్రహీనునికి వస్త్రము, పరదేశికి తలదాచుకొను చోటు ధనమువలన కలుగును గనుక అది దేవుని వరమే యని ఆయన చెప్పెను. ఆ పిమ్మట మూడు సూత్రములు చెప్పెను: సాధ్యమైనంత సంపాదింపవలెను, సాధ్యమైనంత మిగుల్చవలెను, సాధ్యమైనంత ఇయ్యవలెను.

సంపాదనకు ఆయన గీసిన హద్దులు మిక్కిలి నిక్కచ్చియైనవి. ఆరోగ్యమును చెరచు పని, నిద్రాహారములు లేకుండ చేయు పని కూడదు. అబద్ధమాడక సాగని వ్యాపారము కూడదు. పొరుగువాని వ్యాపారమును కూల్చుటకై సరకును బజారు ధరకంటె తక్కువకు అమ్మకూడదు. తాకట్టు వ్యాపారము కూడదు. సారాయి అమ్మువారిని ఆయన ఎంత తీవ్రముగా ఖండించెనో చదివినవారు ఉలికిపడుదురు. వారి భవనముల గోడలలోను, తోటలలోను ఆయనకు నెత్తురే కనబడెను. 1773లో ఆహారపదార్థముల కరవును గూర్చి వ్రాసినప్పుడు కూడ, రొట్టెకు కావలసిన ధాన్యము సారాయి బట్టీలకు పోవుటయే ధరలు మండుటకు ముఖ్యకారణమని వాదించెను. ఈ హద్దులలోపల మాత్రము సోమరితనము పనికిరాదు. నిన్నటికంటె నేడు మెరుగుగా పని చేయవలెను, ఇతరుల అనుభవమునుండియు నేర్చుకొనవలెను.

రెండవ సూత్రమైన మిగులుబాటును ఆయన ప్రధానముగా మూడు ద్వారములవద్ద కాపలాగా నిలిపెను: నాలుక రుచి, కంటి సొంపు, ఇతరుల మెప్పు. ఈ మూడింటిలో మూడవదియే మిక్కిలి ఖరీదైనదని నా అభిప్రాయము. మన పెండ్లిండ్లలో తాహతుకు మించి జరుగు ఖర్చులో రుచికి, సొంపుకు పోవునది కొంతయే. మిగిలినదంతయు నలుగురు ఏమందురో యను భయమునకు పోవును. పిల్లలకు విడుచు ఆస్తిని గూర్చి కూడ ఆయన మాటాడెను. పాడుచేయుదురని తెలిసియు పిల్లల చేతిలో ధనము పోయుట వారికి మేలు కాదనెను. అయితే ఎవరికిని బాకీ లేకుండుటకు, కుటుంబమును పోషించుటకు, వ్యాపారము సాగించుటకు, తన తరువాత భార్యాబిడ్డలు వీధిని పడకుండుటకు కావలసినది ఉంచుకొనుటను ఆయన ఎన్నడును నిషేధింపలేదు. ఆయనను తప్పుగా అర్థము చేసికొన్నవారు ఈ భాగమును చదువరు. మూడవ సూత్రములో కూడ వరుస క్రమముండెను: మొదట తన అవసరములు, పిమ్మట ఇంటివారు, పిమ్మట విశ్వాసులు, పిమ్మట సర్వజనులు. దశమభాగముతో తీరిపోయినదని కూర్చొనకూడదు. ఉన్నదంతయు దేవునిదే, మనము నిర్వాహకులమే.

ఇట్లు చెప్పినవాడు తానే ధనవంతుడాయెను! బీదలు కొని చదువుటకై చిన్న చిన్న పుస్తకములను ఒక్కొక్క పెన్నీకి అచ్చు వేయించెను. అవి ఆయన తలంపనంతగా అమ్ముడుపోయెను. తాను కోరకయే, తనకు తెలియకయే ధనవంతుడనైతినని ఆయన తరువాత ఒప్పుకొనెను. ఆయన జీవితకాలమున దానము చేసినది 30,000 పౌనుల వరకు ఉండునని కొందరు జీవితచరిత్రకారులు అంచనా వేసిరి. బోధ పేరిట సొమ్ము ప్రోగుచేసికొనుచున్నాడని విరోధులు నిందింపగా, 1743లోనే ఆయన ఒక గ్రంథములో బహిరంగముగా పందెము వేసినట్లు వ్రాసెను: అప్పులును, పుస్తకములును, వాటిపై రావలసినదియు పోగా తాను చనిపోవునాటికి 10 పౌనులు మిగిల్చినచో లోకమంతయు తనను దొంగయని పిలువవచ్చును. 1751లో ఆయన పెండ్లియాడిన మేరీ వజైల్ అను విధవరాలికి మొదటి భర్తవలన వచ్చిన 10,000 పౌనుల ఆస్తి యుండెను. వివాహమునకు ముందే దానిని ఆమె పేరను, ఆమె బిడ్డల పేరను భద్రపరచి, తాను అందులో ఒక్క పెన్నీయైనను ముట్టకుండ పత్రము వ్రాయించెను. ఆ దాంపత్యము సుఖముగా సాగలేదు. దానికి డబ్బు మాత్రము కారణము కాలేదు. 1776లో వెండి సామానుపై పన్ను వసూలు చేయు అధికారులు, ఇంత ప్రసిద్ధుని ఇంట వెండి తప్పక ఉండునని ఎంచి లెక్క చెప్పుమని వ్రాయగా, లండనులో రెండు, బ్రిస్టలులో రెండు వెండి చెంచాలు ఉన్నవనియు, చుట్టును ఇందరికి రొట్టె లేనప్పుడు ఇంకను కొనబోననియు ఆయన జవాబు వ్రాసెను.

ఆయన మాట వినినవారి గతి యేమి? ఇక్కడనే ఆయన దుఃఖము ఆరంభమగుచున్నది. త్రాగుడు మానిన గని కూలీ, జూదము మానిన నేతగాడు, తెల్లవారకముందే లేచి పనికి పోవు అంగడివాడు, వీరందరు సహజముగానే కొంత కూడబెట్టిరి. ముప్పది నలుబది యేండ్లలో బీదల సంఘమున మేడలు, బగ్గీలు, పట్టుబట్టలు కనబడసాగెను. 1786లో మెథడిస్టు ఉద్యమమును గూర్చి వ్రాసిన చిన్న వ్యాసములో వెస్లీ ఈ చిక్కును దాపరికము లేకుండ బయటపెట్టెను. నిజమైన భక్తి మనుష్యుని కష్టజీవిగాను, మితవ్యయపరునిగాను చేయును. ఆ రెండును ధనమును తెచ్చును. ధనము పెరిగినకొలది గర్వమును, లోకాశయు పెరిగి భక్తి తరుగును. అట్లయినచో భక్తి తన్ను తానే చంపుకొనుచున్నదా? ఇరువదవ శతాబ్దపు ఆరంభమున జర్మను పండితుడు మాక్స్ వేబర్ ఈ వాక్యములనే పట్టుకొని ధనవ్యవస్థను గూర్చిన తన ప్రసిద్ధ గ్రంథములో చర్చించెను. పండితునికి అది ఒక సిద్ధాంతము. వృద్ధుడైన వెస్లీకి అది తాను ఇంటింటను ఎరిగిన మనుష్యుల పేళ్లు. తన శ్రోతలు మొదటి రెండు సూత్రములను చక్కగా నేర్చుకొనిరి; మూడవదానిని పాటించువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. 1790లో, మరణమునకు కొన్ని నెలల ముందు, ధనవృద్ధి వలని అపాయమును గూర్చి మరల ప్రసంగము వ్రాసెను. అందులోని స్వరము విజయము పొందినవాని స్వరము కాదు.

లాకింగ్టన్ కథలోని రెండవ భాగము ఇక్కడ చెప్పవలెను. ఋణనిధి సొమ్ముతో నిలద్రొక్కుకొన్న ఆ వ్యాపారి కొన్నాళ్లకు సంఘమును విడిచెను. 1791లో అచ్చు వేయించిన తన జీవితచరిత్రలో మెథడిస్టులను తనివిదీర ఎగతాళి చేసెను. ఫిన్స్‌బరీ స్క్వేరులో అతడు కట్టించిన పుస్తకశాల లండనులో చూడదగిన వింతలలో ఒకటి యాయెను. 1804లో అతడు పశ్చాత్తాపమును ప్రకటించి, తరువాత మెథడిస్టు ప్రార్థనాలయములను కట్టించెను. కాని అప్పటికి వెస్లీ సమాధిలో నుండి 13 ఏండ్లాయెను. ఇట్టివాడు మరల తిరిగివచ్చునో రాడో ఎరుగకయే ఆ 5 పౌనులు ఇచ్చిరి. అట్టివారికి ఇయ్యకుండ నిధిని మూసివేయవలెనని వెస్లీకి తోచలేదు.

1785 జనవరి మొదటి వారమున ఆయన వయస్సు 81. ప్రతి యేట ఆ కాలమున సంఘములోని బీదలకు బొగ్గులు, రొట్టె పంచుట వాడుక. ఆ యేడు వారికి బట్టలు కూడ అవసరమని ఆయన చూచెను. ఎవరినో పంపక తానే బయలుదేరి, అయిదు దినములు లండను వీధులవెంట కాలినడకను ఇంటింటికి పోయి యాచించి 200 పౌనులు కూర్చెను. వీధులలో కరగుచున్న మంచు చీలమండల లోతుండెను. ఉదయమునుండి సాయంకాలము వరకు పాదములు మంచునీళ్లలోనే నానెను. శనివారము రాత్రి తీవ్రమైన జబ్బుతో ఆయన పడకపట్టెను. ఆక్స్‌ఫర్డు గదికి పలుచని నారబట్టతో వచ్చిన బాలికకు ఇయ్యలేకపోయినది ఆయన అప్పటికిని ఇచ్చుచునే యున్నట్లున్నది. ఆ మరుసటి యేట, అనగా 1786లోనే, ఆ బాలిక సంగతిని ఆయన ప్రసంగములో చెప్పెను.

1790 జూలైలో జమాఖర్చుల పుస్తకమున కడపటి మాటలు వ్రాసెను. చేయి వణకుటచేత అక్షరములు సరిగా కుదరలేదు. ఇకమీదట లెక్కలు వ్రాయనని, మిగుల్చగలిగినంత మిగుల్చుచు, ఇయ్యగలిగినంత, అనగా ఉన్నదంతయు, ఇచ్చుచున్నానను నిశ్చయము తనకు చాలునని వ్రాసి పుస్తకము మూసెను.

1791 మార్చి 2న సిటీ రోడ్డులోని తన ఇంట ఆయన కన్నుమూసెను. వయస్సు 87. మరణశాసనములో బల్లసొరుగునను, జేబులలోను దొరకు పైకమును నలుగురు బోధకులకు సమముగా పంచవలెనని యుండెను. శవమును మోయుటకు బండి వలదు, బగ్గీలు వలదు. ఆరుగురు బీదలు మోయవలెను, వారికి తలకు 20 షిల్లింగులు ఇయ్యవలెను. పూర్వము ఋణనిధినుండి ఒక బీదవాడు ఒకమారు పొందగలిగిన మొత్తము అంతే. జనసమ్మర్దమునకు భయపడి మార్చి 9న ఇంకను తెల్లవారకముందే, దీపముల వెలుగున, సిటీ రోడ్డు మందిరపు ఆవరణమున ఆయనను పాతిపెట్టిరి. శాసనమున వ్రాసియున్న ప్రకారము, మోసినవారు ఆరుగురు. వారికి ముట్టినది 6 పౌనులు.